0.62 మార్కుల దగ్గర పోయిన టీచరు ఉద్యోగం

ప్రశ్న: మాది ఎమ్మిగనూరు. నాకు 29 ఏళ్లు. డీఎడ్ చేసి, ఐదేళ్లుగా ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి చెబుతున్నాను. జీతం 9,500. ప్రభుత్వ టీచరు పోస్టుల మెగా డీఎస్సీ కోసం ఆరు నెలలు సెలవు పెట్టి అవనిగడ్డలో కోచింగ్ తీసుకున్నాను. అందుకోసం రెండు రూపాయల వడ్డీకి 60,000 తెచ్చాం. టీచరు అర్హత పరీక్ష టెట్‌లో నాకు 104 మార్కులు. ఎస్జీటీలో, అంటే ప్రైమరీ టీచరు పోస్టుల్లో, మా కేటగిరీ చివరి సెలక్షన్‌కీ నాకూ తేడా 0.62. హాస్టల్లో నా గదిలోనే ఉండి చదివిన మా జిల్లా అమ్మాయికి నాకంటే తక్కువ వచ్చాయి, అయినా ఉద్యోగం వచ్చింది. నేను బీసీ–బీ, ఆమె బీసీ–ఏ. ఆమె ఫోను ఎత్తడం మానేశాను. రెండో లిస్టు వస్తుందంటే రాత్రి రెండింటి దాకా ఫోన్లో అదే చూస్తున్నాను. మా నాయన మగ్గం నేస్తాడు. ఫలితాలు వచ్చినప్పటి నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. క్లాసులో పిల్లల ముందు నిలబడితే ‘నువ్వు టీచరుగా పనికిరావని తేల్చేశారు’ అని ఎవరో చెవిలో అన్నట్టుంటుంది. దీన్ని ఎట్లా దిగమింగాలి? మళ్ళీ రాయాలా, వదిలేయాలా?

జవాబు: అమ్మా, ముందు రెండో లిస్టు సంగతి తేల్చుకుందాం. అది తేలకపోతే మిగతా ఏ మాటా మీకు ఎక్కదు.

డీఎస్సీలో వెయిటింగ్ లిస్టు అనేది లేదు. తుది జాబితా వచ్చాక ఎంపికైనవాళ్లు చేరకపోయినా, అర్హులు దొరక్క కొన్ని పోస్టులు మిగిలినా, అవి తరువాతి నియామకానికి వెళ్తాయి తప్ప కింద ర్యాంకువాళ్లకు దిగవు. మరి ఈ పుకారు ఎక్కడిది? సర్టిఫికెట్ల పరిశీలన జరిగేటప్పుడు కొందరు రాలేదు, కొందరి కాగితాలు నిలబడలేదు. వాళ్ల స్థానంలో తరువాతివాళ్లకు కాల్ లెటర్లు వెళ్లాయి. అది తుది జాబితాకు ముందు జరిగే పని. బయటి నుంచి చూసినవాళ్లకు ‘రెండో విడత’లా కనిపించింది, అదే ఇప్పుడు వీడియోల్లో రెండో లిస్టుగా తిరుగుతోంది. మీరు రాత్రి రెండింటి దాకా చూస్తే చూపించేవాడికి ఆదాయం. మీకు మాత్రం మానడానికొచ్చిన పుండును రోజూ గోకినట్టే. ఆ ఛానెళ్లు, కటాఫ్ గ్రూపులు ఈరోజే తీసేయండి. అపాయింట్‌మెంట్ ఆర్డర్లతో దిగిన ఫోటోలు వచ్చే బ్యాచ్ వాట్సాప్ గ్రూపును మూడు నెలలు మ్యూట్‌లో పెట్టండి. వదిలి వెళ్లొద్దు, తరువాత టెట్ కబుర్లు అందులోనే వస్తాయి. ఇంకొకటి: ‘మిగిలిన పోస్టుల్లో పెట్టిస్తాను’ అని ఎవరైనా డబ్బు మాట ఎత్తితే, ఎంత దగ్గరి బంధువు తీసుకొచ్చిన మనిషైనా సరే, ఆ మాట అక్కడే తుంచేయండి. ఇట్లాంటివాళ్లు వెతుక్కుంటూ వచ్చేది అర మార్కులో పోయిన ఇళ్లకే.

ఒక్క విషయం మాత్రం చూసుకోండి. స్కోరు కార్డులో టెట్ మార్కులు 104 గానే పడ్డాయా, కేటగిరీ బీసీ–బీ అనే ఉందా, లోకల్ అని ఉందా? ఈ మూడింటిలో ఏదైనా తప్పుంటే అది కాగితం మీద చూపించగల తప్పు, దానికి అర్జీ పెట్టవచ్చు. మూడూ సరిగా ఉంటే ఆ తలుపు మూసేయండి.

ఇక మీ స్నేహితురాలి సంగతి. తక్కువ మార్కులు వచ్చిన ఆమెకు ఉద్యోగం, ఎక్కువ వచ్చిన మీకు లేకపోవడం. దీన్ని మీరు అన్యాయం అనుకుంటున్నారు, పైకి అనలేక ఫోను ఎత్తడం మానేశారు. లెక్క ఇలా ఉంటుంది. ముందు ఓపెన్ పోస్టులు కులంతో పని లేకుండా మార్కుల వరుసలో నిండుతాయి. ఆ తరువాత ఎవరి వాటా వాళ్లది. బీసీలకు 29 శాతం ఉంటే అందులో ఏ గ్రూపుకు 7, బీకి 10, సీకి 1, డీకి 7, ఈకి 4. ప్రతి వాటా లోపల మూడో వంతు మహిళలకు. జిల్లా పోస్టుల్లో 80 శాతం లోకల్ వాళ్లకు. కాబట్టి ఆమె పోటీ పడింది ఉమ్మడి కర్నూలు జిల్లా బీసీ–ఏ వరుసలో, మీరు బీసీ–బీ వరుసలో. మీ వరుసలో మీ ముందున్నవాళ్లకు మీకంటే 0.62, ఆపైన ఎక్కువ వచ్చాయి. అంతే. రేపు ఆ అమ్మాయి ఉద్యోగం వద్దని రాసిచ్చినా ఆ పోస్టు మీకు రాదు. ఆమె మీ దాన్ని తీసుకోలేదు.

ఇది తెలిసినంత మాత్రాన కడుపులో మంట వెంటనే చల్లారదు. చల్లారకపోయినా ఫోను చేయండి. సంతోషం నటించనక్కర్లేదు. ‘నీకు వచ్చినందుకు మంచిదే అనిపిస్తోంది, నాకు రానందుకు ఏడుపు వస్తోంది, అందుకే ఇన్ని రోజులు ఎత్తలేదు’ అని చెబితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆరు నెలలు ఒకే గదిలో ఉన్న మనిషికి ఇంతకంటే వివరణ అవసరం లేదు. ఆమె చేరిన సంబరానికి వెళ్లలేకపోతే మానేయండి. ఒక ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీ తినడానికి రమ్మంటే మాత్రం వెళ్లండి. ఆమె నోట్సు, తప్పు బిట్ల పుస్తకం మీకు రేపు పనికొస్తాయి, అడగడానికి మొహమాటపడొద్దు.

ఇప్పుడు 0.62 అంటే ఏమిటో చూద్దాం. ఎస్జీటీ పరీక్ష 160 బిట్లు, ఒక్కోదానికి అర మార్కు, మొత్తం 80. మిగతా 20 టెట్ నుంచి. బిట్టుకు అర మార్కు అయినప్పుడు తేడా 0.62 ఎట్లా వస్తుంది? రెండు కారణాలు. పరీక్షలు 2025 జూన్ 6 నుంచి జూలై 2 దాకా కంప్యూటర్ మీద చాలా షిఫ్టుల్లో జరిగాయి. ఒక పూట పేపరు కష్టంగా, ఇంకో పూట తేలిగ్గా వస్తుంది కాబట్టి, షిఫ్టుల మధ్య తేడాను సరిచేయడానికి నార్మలైజేషన్ చేశారు. అక్కడ మీ మార్కులకు దశాంశాలు చేరాయి. రెండోది టెట్. 150కి వచ్చిన మార్కులను 20కి కుదిస్తారు. మీ 104 అక్కడ 13.87 అయింది. అదే 109 వచ్చి ఉంటే 14.53. తేడా 0.66. అంటే మీకు ఉద్యోగం పోయింది టెట్‌లో అయిదు బిట్ల దగ్గర, లేదా డీఎస్సీలో రెండు బిట్ల దగ్గర.

ఈ మాట మిమ్మల్ని ఇంకా బాధపెట్టడానికి చెప్పడం లేదు. ‘అయ్యో, ఆ రెండు బిట్లు!’ అని మీరు ఇప్పటికే వంద రాత్రులకు సరిపడా అనుకుని ఉంటారు. రెండు బిట్ల తేడా అనేది మనిషి యోగ్యతను కొలవలేదు. 16,347 పోస్టులకు రాష్ట్రంలో 3.3 లక్షల మందికి పైగా దరఖాస్తు పెట్టారు. గీత ఎక్కడ గీసినా దాని పైన, కింద వెంట్రుకవాసి తేడాతో ఎంతోమంది నిలబడతారు. అదే మీరు ఇంకో షిఫ్టులో రాసి ఉంటే గీతకు పైన ఉండేవారేమో, లేదా ఇంకా కిందికి పోయేవారేమో. ‘పనికిరానని తేల్చేశారు’ అన్నారు. ఎవరు తేల్చారమ్మా? డీఎస్సీలో ఇంటర్వ్యూ లేదు, డెమో క్లాసు లేదు. మీ తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని, ఎక్కాలు రాని పిల్లవాడికి మీరు ఎట్లా చెబుతున్నారో చూసి మార్కులు వేసినవాళ్లు ఎవరూ లేరు. ఆ పరీక్ష కొలిచింది 160 బిట్లు. మీ ఐదేళ్ల మూడో తరగతిని అది చూడనే లేదు.

ఎవరో ఒకరు మీతో ‘రాసిపెట్టి ఉండాలమ్మా’ అని ఉంటారు. ఓదార్చాలనే అంటారు, కోపం తెచ్చుకోవద్దు. కానీ ఆ మాటను లోపలికి తీసుకోవద్దు. నుదుటి రాత అనుకుంటే ఆ పూటకు తేలికగానే ఉంటుంది, ఆ టెట్ అయిదు బిట్లను మాత్రం ఎవరూ వెతకరు.

వెతకడం ఎట్లాగో చెబుతాం. ఇప్పుడే వద్దు. కన్నీళ్లు ఆగని రోజుల్లో, మీరు పెట్టిన జవాబులుండే రెస్పాన్స్ షీటు తెరిస్తే ప్రతి తప్పూ తిట్టులాగే కనిపిస్తుంది. నిద్ర కాస్త కుదుటపడ్డాక, ఒక ఆదివారం, రెండు గంటలు మాత్రమే. ఫోన్లో కాదు, జెరాక్స్ షాపులో ప్రింటు తీయించి కాగితం మీద చూడండి. ఫైనల్ కీ పక్కన పెట్టుకుని తప్పయిన ప్రతి బిట్టు పక్కన నాలుగు గుర్తుల్లో ఒకటి రాయండి: అసలు చదవనిది, చదివినా మరిచిపోయినది, రెండు జవాబుల మధ్య ఊగినది, ప్రశ్న సరిగా చూడనిది. ఎవరికైనా నాలుగో రకం అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటుంది. ‘సరికానిది ఏది’, ‘కింది వాటిలో కానిది’ అనే బిట్లలో ఆ ‘కాని’ని కన్ను దాటేస్తుంది, మొదటి సరైన వాక్యం కనిపించగానే చెయ్యి నొక్కేస్తుంది. కంప్యూటర్ మీద గీత గీయలేం కాబట్టి, ఇచ్చిన రఫ్ కాగితం మీద బిట్టు నంబరు వేసి పక్కన ‘కా’ అని రాసుకునే అలవాటు చేసుకోవాలి. ఒక్క సెకను పని. రెండు బిట్లు ఇందులోనే దొరకవచ్చు.

‘మొదట పెట్టిందే ఉంచితే బాగుండేది’ అని కూడా మనసు పీకుతుంటుంది. రెస్పాన్స్ షీటులో చివరి జవాబు మాత్రమే ఉంటుంది, మీరు ఎన్ని మార్చారో అందులో కనిపించదు. మార్చి పోగొట్టుకున్నవి మనకు ముల్లులా గుర్తుంటాయి, మార్చి సంపాదించుకున్నవి అసలు గుర్తుండవు. కాబట్టి ఆ లెక్క ఎప్పటికీ తేలదు, దాన్ని వదిలేయండి. రెండు గంటలు కాగానే నాలుగు అంకెలు ఒక చీటీ మీద రాసుకుని, షీటును బీరువాలో పెట్టేయండి. మళ్ళీ తెరవాల్సిన పని లేదు.

మళ్ళీ రాయాలా? రాయండి. కానీ ఈసారి రాసినట్టు కాదు.

ఎందుకంటే 2018 డీఎస్సీ తరువాత మళ్ళీ నియామకాలు జరిగేదాకా ఏడేళ్లు పట్టింది. మధ్యలో 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వచ్చిన నోటిఫికేషన్ రద్దయింది. పైగా ఈసారి జిల్లాల్లో అన్నిటికంటే ఎక్కువ పోస్టులు, 2,678, ఉమ్మడి కర్నూలులోనే ఉన్నాయి. ఆ ఖాళీలు చాలావరకు ఇప్పుడు నిండాయి. ఇన్ని మళ్ళీ ఒకేసారి మన జిల్లాకు రావనుకుని లెక్క వేసుకోవడమే మంచిది. అందుకని నోటిఫికేషన్ రాకముందే ఉద్యోగం మానేసి, ఊరు వదిలి హాస్టల్లో కూర్చోవడం మాత్రం ఒప్పుకోం. అలా కూర్చున్నవాళ్లకు పరీక్షకంటే ముందు డబ్బు, ఆ తరువాత ధైర్యం అయిపోతాయి. మొన్న నోటిఫికేషన్ ఏప్రిల్ 20న వచ్చింది, పరీక్షలు జూన్ 6న మొదలయ్యాయి. ఆ ఏడు వారాలకు మాత్రమే సెలవు పెట్టండి. అప్పటిదాకా బడి ఉన్న రోజుల్లో గంటన్నర, ఆదివారం నాలుగు గంటలు. వారానికి 13 గంటలు. ఇప్పటికే ఒకసారి మొత్తం చదివిన మనిషికి ఇది తక్కువేమీ కాదు.

ఆ 13 గంటల్లో మొదటి వాటా టెట్‌కు ఇవ్వండి. డీఎస్సీ ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలోనూ లేదు, టెట్ దానికంటే తరచుగా వస్తుంది. మీ టెట్ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. మార్కులు పెంచుకోవడానికి మళ్ళీ రాయవచ్చు, తగ్గినా పాత 104 ఎక్కడికీ పోదు. నెగెటివ్ మార్కులు లేవు. పేపర్–1లో అయిదు భాగాలు, ఒక్కోటి 30: శిశు వికాసం, తెలుగు, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం. భాగాల వారీగా మీకు ఎన్ని వచ్చాయో చూసి, అన్నిటికంటే తక్కువ వచ్చిన రెండింటినే పట్టుకోండి. ఇప్పటికే 26 వచ్చిన తెలుగును 28 చేయడం కష్టం, 16 ఉన్న ఇంగ్లీషును 22 చేయడం తేలిక. ఏడున్నర టెట్ మార్కులు డీఎస్సీలో ఒక మార్కుతో సమానం. 104 నుంచి 119కి చేరితే, డీఎస్సీ పేపరు ముట్టుకోకముందే మీకు రెండు మార్కులు చేతిలో ఉన్నట్టు. తప్పయిన బిట్లను ఒకే నోటుపుస్తకంలో రాసి మరుసటి రోజు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి తిరగేయండి. కొత్త మెటీరియల్ కొనొద్దు, రాష్ట్ర పాఠ్యపుస్తకాలు చాలు.

వయసు గురించి కంగారు పడొద్దు. 2025 నోటిఫికేషన్లో గరిష్ఠ వయసు 44, బీసీలకు అయిదేళ్ల సడలింపుతో 49. మీ డీఎడ్‌కు విలువ తగ్గలేదు, పెరిగింది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు తరువాత బీఎడ్ వాళ్లకు ఎస్జీటీ పోస్టుల్లో చోటు లేదు. చదవగలిగితే కేంద్రం టెట్ అయిన సీటెట్ పేపర్–1 కూడా రాసి ఉంచుకోండి, కేంద్రీయ విద్యాలయాల ప్రైమరీ టీచరు పోస్టులకు అది కావాలి. అందులో ప్రశ్నలు ఇంగ్లీషులో, హిందీలో ఉంటాయి, తెలుగు ఒక భాషా భాగం మాత్రమే. మీ ఇంగ్లీషు బలపడ్డాకే దానికి డబ్బు కట్టండి.

ఎప్పుడు వదిలేయాలి అన్నదానికి కూడా ఇప్పుడే, మనసు కుదురుగా ఉన్న ఒక పూట, కాగితం మీద గీత గీసుకోండి. మా మాట అడిగితే, ఇంకో రెండు టెట్లు, ఇంకో ఒక్క డీఎస్సీ. ఆ గీత లేకపోతే ప్రతి ఫలితం తరువాత కొత్తగా ఏడ్చి కొత్తగా నిర్ణయించుకోవాల్సి వస్తుంది.

ఇక అప్పు. రెండు రూపాయల వడ్డీ అంటే 60,000కు నెలకు 1,200, ఏడాదికి 14,400. మీ జీతంలో ఎనిమిదో వంతు వడ్డీకే పోతోంది, అసలు ఒక్క రూపాయి తగ్గడం లేదు. ఇంట్లో కాస్త బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఈ అప్పు తీర్చేయండి. బంగారం అప్పు వడ్డీ ఏడాదికి 9, 10 శాతం దగ్గర ఉంటుంది, అంటే సుమారు 6,000. ఇంట్లో ఏడాదికి ఎనిమిది వేలకు పైగా మిగులుతుంది. బంగారం లేకపోతే మీ అమ్మగారి పొదుపు సంఘంలో అడగండి. చాలా సంఘాల్లో రూపాయి వడ్డీకే లోపలి అప్పు ఇస్తారు. ఉద్యోగం పోయిన బాధ అనుకుంటున్నదానిలో సగం ఈ వడ్డీ భారం కావచ్చు. రెండూ కలిసిపోయి ఉంటాయి, విడదీసి చూస్తే రెండోది తీర్చగలిగేదే.

పెళ్లిళ్లలో, పండగల్లో ‘ఏమాయెమ్మా నీ ఉద్యోగం’ అని అడుగుతారు. అందరికీ ఒకటే జవాబు ముందే అనుకుని ఉంచుకోండి: ‘ఈసారి కొంచెంలో పోయింది పెద్దమ్మా, మళ్ళీ టెట్ రాస్తున్నా.’ వాటాలు, నార్మలైజేషన్, 0.62 అన్నీ వివరించబోతే ప్రతి చోటా గాయం మళ్ళీ మొదటి నుంచి రేగుతుంది. పూర్తి మాట మీ అమ్మతో, ఒక్క స్నేహితురాలితో చెప్పుకోండి, చాలు.

నిద్ర గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. రాత్రి పది తరువాత ఫోను వేరే గదిలో పెట్టండి. పడుకున్న అరగంటకూ నిద్ర రాకపోతే లేచి కూర్చోండి, మంచం మీద దొర్లుతూ లెక్కలు వేయొద్దు. బాధ ఉండటం సహజం. కానీ నిద్ర, తిండి, పని మీద ఆసక్తి రెండు వారాలు దాటినా తిరిగి రాకపోతే, ‘నేను లేకపోతే ఇంట్లో వాళ్లకు భారం తగ్గుతుంది’ లాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆగొద్దు. టెలి మానస్ నంబరు 14416. డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడికి వెళ్లడం జ్వరానికి వెళ్లినట్టే.

బడిలో రేపటి నుంచి ఒక చిన్న పని పెట్టుకోండి. వెనకబడిన పిల్లలు ముగ్గురిని ఎంచుకుని, ఒక్కొక్కరికి ఏ అక్షరం, ఏ లెక్క రావడం లేదో తేదీ వేసి రాయండి. నెల తరువాత అదే పుస్తకంలో మళ్ళీ రాయండి. టీచరుగా మీరు పనికొస్తారా అన్న ప్రశ్నకు డీఎస్సీ దగ్గర జవాబు లేదు, ఆ పుస్తకంలో కొంత దొరుకుతుంది.

నాయన విషయం చివరికి ఉంచాం. ఆయన మౌనం మీకు కోపంలా వినిపిస్తోంది. కావచ్చు, కాకపోవచ్చు. చేసిన అప్పు, పెరిగిన కూతురి ఏడుపు, రెండింటికీ ఏమనాలో తెలియని మనిషి కూడా అట్లాగే తలవంచుకుని మగ్గం ముందు కూర్చుంటాడు. మీరే ముందు మాట్లాడండి. ఏడుస్తూ కాదు, ‘క్షమించు నాయనా’ అని కూడా కాదు, మీరేం తప్పు చేయలేదు. ఒక తెల్లకాగితం మీద మూడు లైన్లు రాసి తీసుకెళ్లండి. ఎన్ని బిట్ల తేడాతో పోయింది. అప్పును ఎక్కడికి మారుస్తున్నాం, నెలకు ఎంత కడతాం. టెట్ ఎన్నిసార్లు, డీఎస్సీ ఎన్నిసార్లు రాస్తాను. పోగుల లెక్కతో బతికిన మనిషికి అయిదు బిట్ల తేడా అంటే ఏమిటో వెంటనే అర్థమవుతుంది. సాయంత్రం ఆయన మగ్గం దిగి, కాళ్లు కడుక్కుని కూర్చున్నాక ఆ కాగితం చేతికివ్వండి, చదివేదాకా పక్కనే కూర్చోండి.